కొండముచ్చుకు పట్టుకుపోయిన వడ

మా అత్త కన్ను

నేను నల్లమలలో నడిచి వచ్చానంటే మా వేంపల్లెలో సగం మంది నమ్మలేదు. నమ్మిన సగం మంది "ఆడ నీకేం పనమ్మా?" అని అడిగారు. అడగరా మరి! ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషిని. తిరుమల కొండ కూడా బస్సులోనే ఎక్కాను. కొండముచ్చులను చూడాలన్న కోరిక నాకు కలలో కూడా లేదు. నన్ను పంపింది మా అత్త నాగసుబ్బమ్మ.

పోయిన ఏడాది అత్తకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను జరిగింది. కడప ఆసుపత్రికి బయలుదేరే ముందు భయంతో మా ఊరి పక్క గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది. చూపు బాగుపడితే వడమాల వేయిస్తానని మొక్కుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు, ఊరంతా అదే చేస్తుంది. మా అత్త అందరిలాంటి మనిషి కాదు. "అడివిలో ఉండే కొండముచ్చుకు, మనిషి చేతి కూడు ఎరగని దానికి, మా ఇంటి వడ చేత్తో తినిపిస్తా సామీ" అని మొక్కుకుంది. చూపు బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు సూదిలో దారం నాకంటే ముందు ఆమే ఎక్కిస్తుంది. మోకాళ్ళు మాత్రం మిద్దె మెట్లు కూడా ఎక్కనివ్వవు. కాబట్టి మొక్కు ఆమెది, నడక నాది.

"గండిలో బోలెడు కోతులుండాయి గదత్తా, వాటికి పెట్టేసి వద్దాం" అని బతిమాలి చూశాను.

"అవి రోజూ తింటాండాయే. మనం పెట్టేలోపే సంచీ గుంజుకుంటాయి. అది మనం పెట్టినట్టా, అవి దోచుకున్నట్టా?" అంది.

ఈ న్యాయం మాట్లాడే మనిషి వారంలో ఆరు రోజులు మిద్దె మీద వడియాలు ఎండబెట్టి కోతుల మీదికి రాళ్ళు రువ్విస్తుంది. శనివారం అవే కోతులకు అరటిపండ్లు పెట్టి చేతులు జోడిస్తుంది. మా వీధిలో అందరం అంతే. ఏ రోజు శనివారమో కోతులకు కూడా తెలిసిపోయింది.

ఇంతలో ఇమాం సారు కబురు పంపారు. ఆయన మా పిల్లలకు సైన్సు చెప్పిన మాస్టరు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, ఊళ్ళో ఖాళీగా ఉన్నవాళ్ళను పోగేసి కొండలు తిప్పుతుంటారు. ఈసారి నంద్యాల అవతల ఒక చెంచుగూడెం వాళ్ళు నల్లమలలో కొండముచ్చుల మందను చూపిస్తారట. నలుగురికి ఫారెస్టు ఆఫీసులో అనుమతి దొరికింది. "మనదే మొదటి జట్టమ్మా. మనం సక్రమంగా పోయి వస్తే ఇంకొకరిని పంపుతారు, గూడెం వాళ్ళకు ఒక ఆధారం దొరుకుతుంది. మనం తిక్క పనులు చేస్తే అంతటితో సరి" అని చెప్పారు. నాకు ఆ చివరి మాటలు చెవికెక్కలేదు. కొండముచ్చుల మంద అన్నది ఒక్కటే వినబడింది. పక్క గదిలో అత్తకు కూడా అదే వినబడింది.

మరుసటి రోజుకల్లా మినప్పప్పు నానింది.

మొదటి రోజు: ఎర్రగుంట్ల నుంచి నంద్యాల

మిరియాలు, జీలకర్ర వేసి, గట్టిగా రుబ్బి, పల్చగా తట్టి, కరకరలాడేలా కాల్చిన ఇరవయ్యొక్క వడలు. అత్త వాటిని దారానికి గుచ్చి, కొత్త గుడ్డలో చుట్టి నా సంచీ అడుగున పెట్టింది. "నాలుగు రోజులైనా చెడిపోవు. ఒక్కటి తినినా చాలు, మొక్కు తీరినట్టే. మాల చూసి నలుగురూ చెయ్యి పెట్టేరు, జాగ్రత్త" అని నా కళ్ళలోకి చూసి మరీ చెప్పింది.

ఎర్రగుంట్ల స్టేషనులో మిగతా ఇద్దరూ కలిశారు. సలోమి నాకు చిన్నప్పటి స్నేహితురాలు, ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ పల్లెలో చర్చి కట్టించినప్పుడు వాళ్ళ తాత రాళ్ళు మోశాడని గర్వంగా చెప్పుకుంటుంది. రెండో మనిషి ఓబుళరెడ్డి, అరటితోటల రైతు. ఈయన వచ్చింది ముచ్చటపడి కాదు, పగతో. తోటలో కోతులు గెలలను బతకనివ్వడం లేదు. కొండముచ్చును చూస్తే కోతులు పారిపోతాయని ఎవరో చెబితే పెద్ద కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ కట్టించాడు. మూడో రోజు కోతులు ఆ ఫ్లెక్సీ మీదే కూర్చుని ఆయన అరటిపండ్లు తిన్నాయట. ఇప్పుడు నిజం కొండముచ్చు అరుపును ఫోనులో ఎక్కించుకుని తోటలో మైకు పెట్టి వినిపించాలని ఆయన పట్టుదల.

సిమెంటు దుమ్ముకు ఎర్రగుంట్లలో చెట్ల ఆకులన్నీ బూడిద పూసుకున్నట్టుంటాయి. రైలు జమ్మలమడుగు దాటాక గానీ పచ్చ రంగు కనబడలేదు. మా ఎదురుగా ఒక పెద్దమ్మ గంపతో కూర్చుంది. మమ్మల్ని ఎగాదిగా చూసి, "యాడికి పోతాండారు, పెండ్లికా?" అని అడిగింది.

"కొండముచ్చులను చూడను" అన్నాను.

ఆమె ఒక నిమిషం నా మొహం చూసి, ఇంకో నిమిషం సారు మొహం చూసింది. "మా ఊరికి రాండమ్మా. కోతులను గంపల్లో పెట్టిచ్చి పంపుతాం, ఊరికేనే" అంది. పెట్టె పెట్టెంతా నవ్వింది. ఓబుళరెడ్డి మాత్రం నవ్వలేదు. ఆ పెద్దమ్మే తర్వాత జొన్నరొట్టెల మూట విప్పి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి తలా ఒకటి చేతిలో పెట్టింది. మా ఇంట్లో ఊరిబిండిలో చింతపండు ముందుంటుంది, ఆమె దాంట్లో వెల్లుల్లి ముందుంది. కారానికి కళ్ళనీళ్ళు కారుతున్నా మళ్ళీ అడిగి పెట్టించుకున్నాను. నా సంచీలో ఇరవయ్యొక్క వడలు పెట్టుకుని ఆమెకు ఒక్కటి కూడా ఇవ్వలేకపోయానే అని సిగ్గేసింది.

నంద్యాలలో రాత్రి పడుకుని పొద్దున్నే ఉగ్గాని, బజ్జి తిన్నాం. మా వైపు పొద్దున్నే ఎర్ర కారం పూసిన దోశ పడందే కడుపు ఊరుకోదు. వీళ్ళకు నానబెట్టిన బొరుగులు. చిన్న పిల్లల తిండిలా ఉందనుకుంటూ మొదలుపెట్టి రెండు ప్లేట్లు ఖాళీ చేశాను. ప్లేటు ముప్పై రూపాయలు, నిండు మిరపకాయ బజ్జీతో సహా. హోటలాయనది ఆలూరు వైపట. "దుడ్లు ఎక్కడికి పోతాయమ్మా, తిన్నంక ఇద్దురు" అన్నాడు.

రెండో రోజు: ఘాటు రోడ్డు

గిద్దలూరు బస్సు ఘాటు ఎక్కుతుంటే మలుపులో పిట్టగోడ మీద కనబడ్డాయి. నల్లటి మొహాలు, బూడిద రంగు ఒళ్ళు, వీపు మీదికి వంగిన పొడుగాటి తోకలు. కొండముచ్చులే! బస్సు నెమ్మదించగానే కిటికీల్లోంచి అరటిపండ్లు, బిస్కెట్లు, సగం తిన్న చిప్సు పొట్లాలు పడ్డాయి. ఒకటి పొట్లాన్ని మనిషిలాగే చించి, లోపలికి తొంగి చూసి విసిరేసింది. ఇంకోదానికి తోక సగానికి తెగిపోయి ఉంది. ఒక తల్లి పిల్లను పొట్టకు హత్తుకుని రోడ్డు మధ్యలో కూర్చుంది. వెనక లారీ హారను కొట్టి కొట్టి అలసిపోయింది. తల్లి లేవలేదు.

మనసులో దుర్బుద్ధి పుట్టింది. ఇక్కడే దిగి ఒక వడ చేతికిచ్చేస్తే పని అయిపోతుంది, నడకా తప్పుతుంది. కానీ మనిషి చేతి కూడు ఎరగని దానికి అని గదా మొక్కు! ఇవేమో బిస్కెట్ల కంపెనీల పేర్లు కూడా చెప్పేలా ఉన్నాయి.

మలుపు దాటాక బస్సు దిగాం. అంకన్న అక్కడే నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయేమో, సన్నగా ఉంటాడు, మాట నెమ్మది. గూడెం తరఫున మమ్మల్ని నడిపించేది ఆయనే. కొండముచ్చులు రెండు మా వెంటే గోడ మీద నడుచుకుంటూ వచ్చాయి. ఓబుళరెడ్డి సంబరపడి ఫోను తీశాడు. అంకన్న మాత్రం ఆ గోడ వైపు తలెత్తి చూడలేదు.

ఈదమ్మ చెయ్యి

గూడెం రోడ్డుకు గంట నడక. పది పన్నెండు ఇళ్ళు. అంకన్న భార్య ఈదమ్మ మాకు జొన్నసంగటి, ఆకుకూర పప్పు వడ్డించింది. పక్కన చింతపండు గుజ్జులో బూడిద కలిపి పెట్టింది. చింత బెరడు కాల్చిన బూడిదట. మా వాళ్ళు అంట్లు తోముకునే వస్తువు తినడమా అని ముందు జంకాను. నోట్లో పెట్టుకుంటే పులుపు విరిగి కమ్మగా ఉంది.

తేనె గురించి మాటలు సాగాయి. కొండ చరియలకు తాడు కట్టుకుని దిగి తేనె తీస్తారు గదా, పైన ఆ తాడును బామ్మర్దే పట్టుకోవాలట.

"అన్నదమ్ములు పట్టుకోరా?" అని సలోమి అడిగింది.

"ఊహూ. బామ్మర్దయితే అక్క తాళి గుర్తుంటాది, తాడు ఇడవడు" అన్నాడు అంకన్న. మా ఇళ్ళల్లో బామ్మర్దులను ఇంత నమ్మి ఏ పనీ చెప్పరు.

ఈదమ్మ వడ్డిస్తుంటే చూశాను. ఎడమ చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడి, గీతలు గీతలుగా ఉంది. సలోమి నర్సు గదా, ఊరుకోలేక అడిగేసింది. ఈదమ్మ దాచుకోలేదు.

"చిరుత గీరింది. మేకల వెంట పోయినా. పొద మీంచి మేక మీద దూకింది, నేను అడ్డం పడినా. అప్పుడు కొండ మీద కొండముచ్చు లేకపాయ. ఉండింటే ముందే అరిసేది."

మిగతాది అంకన్న చెప్పాడు. గూడెంలో ఆడవాళ్ళు గడ్డలకు, తేనెకు, మేకల వెంట అడవిలోకి పోతారు. పైన చెట్ల మీద కొండముచ్చులు ఉంటే చిరుత కదలగానే అరుస్తాయి, కింద ఉన్న మనుషులు ఆగిపోతారు. పుట్టినప్పటి నుంచీ ఆ అరుపే వాళ్ళకు కాపలా. అంకన్న వయసులో ఉన్నప్పుడు ఘాటు మీద చెనిక్కాయల పొట్లాలు అమ్మేవాడు. బస్సుల్లో వాళ్ళు కొని కొండముచ్చులకు వేసేవాళ్ళు. పుణ్యానికి పుణ్యం, బేరానికి బేరం. రెండేళ్ళలో కొండ మీది మంద మొత్తం రోడ్డుకు దిగింది. కొన్ని బండ్ల కింద పడ్డాయి. మిగిలినవే మేం చూసిన గోడ మీదివి.

"కొండ మూగదైపాయ. ఆ ఏడే దీనికి ఇట్లయింది. నా చేతి చెనిక్కాయలే దీని చెయ్యి గీరినాయి అనుకుంటా నేను" అన్నాడు అంకన్న.

"ఊరుకో, మళ్ళా అదే మాట" అని ఈదమ్మ ఆయన సంగటి ముద్ద మీద ఇంకో గరిటె పప్పు పోసింది.

పదేళ్ళకు గానీ ఇంకో మంద లోపలి అడవి నుంచి ఆ కొండకు రాలేదట. ఇది మనిషి చేతి తిండి ఎరగదు. ఎరగకుండా అంకన్నే కాస్తున్నాడు. మందను చూడటానికి మనుషులను తీసుకుపోవడం మంచిదా కాదా అని గూడెంలో పెద్ద తగువే జరిగిందట. కొంత కూలి దొరుకుతుంది, బయటివాళ్ళకు సంగతి తెలుస్తుంది అని చివరికి ఒప్పుకున్నారు. "మీరు మంచిగా నడిస్తే మాకు మంచి. ఒక్క చెయ్యి తప్పు చేస్తే మాత్రం మళ్ళా రోడ్డే" అన్నాడు.

మనిషి చేతి కూడు ఎరగనిది! అత్త కోరిన కొండముచ్చు, అంకన్న కాస్తున్న కొండముచ్చు ఒకటే. నేను తినిపిస్తే మొక్కు తీరుతుంది, కానీ ఆ క్షణం నుంచీ అది ఎరగనిది కాదు. ఇంత స్పష్టంగా అర్థమయ్యాక బుద్ధి ఉన్న మనిషయితే ఆ మూట తీసి ఆయన ముందు పెట్టేది. నేను పెట్టలేదు. ఒక్క వడకు కొంప మునుగుతుందా అనుకున్నాను. మొక్కు తీర్చకుండా తిరిగిపోతే మా అత్త మొహం ఎలా చూడాలి అని కూడా అనుకున్నాను.

మూడో రోజు: సంచుల బండ

పొద్దున్నే బయలుదేరాం. మోదుగ చెట్లు ఆకు రాల్చి ఎర్రటి పూలతో నిలబడ్డాయి. ఎండుటాకుల మీద మా నలుగురి నడక ఊరేగింపులా చప్పుడు చేస్తుంటే అంకన్న అడుగు మాత్రం వినబడలేదు. ఓబుళరెడ్డి రెండు సార్లు జారాడు. నేను ఒక్కసారే జారాను, కానీ పూర్తిగా జారాను. చీర బదులు ప్యాంటు వేసుకోమని సలోమి చెబితే విననందుకు ముళ్ళన్నీ నా కుచ్చెళ్ళలోనే ఉన్నాయి.

రెండు గంటల తర్వాత ఒక వాగు వచ్చింది. వాగు ఒడ్డున పెద్ద బండ, పక్కన ఊట. తినే వస్తువులున్న సంచులన్నీ అక్కడే చెట్టు కొమ్మకు తాడుతో కట్టేయాలి. ఆ తర్వాత బూడిదతో చేతులు తోముకుని ఊట నీళ్ళతో కడుక్కోవాలి. అంకన్న అందరి చేతుల మీదా తనే నీళ్ళు పోశాడు.

"తినేది ఇంకేమన్నా ఉండాదా? జేబులో, కొంగులో?"

సారు జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చారు. సలోమి దగ్గుబిళ్ళలు ఇచ్చింది. ఓబుళరెడ్డి జేబులు తిరగేసి చూపించాడు.

"ఏం లేదన్నా" అన్నాను నేను. మాల సంచీలోనే ఉంది గానీ, సంచీ కట్టేముందు ఒక వడ తెంపి రొండిన దోపుకున్నాను. కడిగిన చేతులతో, ఆయన కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడాను.

వాగు దాటి ఇంకో అరగంట ఎక్కాక అంకన్న చెయ్యెత్తాడు. ఆగిపోయాం.

మొదట నాకేమీ కనబడలేదు. తర్వాత ఒక తోక కనబడింది, దాని పక్కన ఇంకోటి. కళ్ళు అలవాటయ్యేసరికి నాలుగైదు చెట్ల నిండా అవే. ఒకటి మోదుగ పూలను గుత్తి గుత్తిగా వంచుకుని తింటోంది. మీద రాలిన రేకులను పట్టించుకోవడం లేదు. ఒక ముసలిది కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పడుచుది దాని వీపు గీరుతోంది. చిన్న పిల్ల ఒకటి తల్లి నోట్లోని లేతాకును లాక్కుని, నమిలి, నచ్చక ఉమ్మేసింది. తల్లి ఇంకో ఆకు అందిచ్చింది. సారు ఫోనులో తీస్తూనే ఉన్నారు. సలోమి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎప్పుడూ గొంతు తగ్గించి మాట్లాడని ఓబుళరెడ్డి గుసగుసగా, "ఎంత నిమ్మళంగా తింటాండాయి చూడు" అన్నాడు. నాకెందుకో కళ్ళు చెమర్చాయి. గోడ మీది వాటి మొహాల్లో ఈ నిమ్మళం లేదు.

అప్పుడైనా నా బుద్ధి తిరిగి రావాలి గదా! రాలేదు. కాస్త ఎదిగిన పిల్ల ఒకటి మమ్మల్ని చూసి, ఏమిటి వీళ్ళు అన్నట్టు కొమ్మ కొమ్మా దిగుతూ వచ్చింది. నా ముందున్న చెట్టు చివరి కొమ్మ మీద, రెండు బారల దూరంలో కూర్చుంది. స్వామే పంపించాడనిపించింది. మిగతా వాళ్ళు పైకి చూస్తున్నారు. రొండిన ఉన్న వడ తీసి, అరచేతిలో పెట్టి, చెయ్యి చాచాను.

అది తల పక్కకు వంచి చూసింది. ఇంకో కొమ్మ దిగింది.

పక్కకు చూస్తే అంకన్న. ఆయన అరవలేదు. అరిస్తే మంద బెదిరి, పిల్లలతో ఉన్న తల్లులు ఎట్లాపడితే అట్లా దూకుతాయి. నా మీదికి రాలేదు. ఉన్నచోటే నిలబడి నాకు రెండు చేతులు జోడించాడు. నా చేతుల మీద నీళ్ళు పోసిన చేతులవి. తల కొట్టేసినట్టయింది. వడను కింద పడేద్దామా? పడేస్తే తీసుకుంటుంది. మళ్ళీ దోపుకుందామా? అది చూస్తూనే ఉంది. ఏం చేయాలో తోచక ఆ వడను మొత్తంగా నా నోట్లో కుక్కుకున్నాను.

కరకరమని చప్పుడు. మిరియాలు గొంతుకు తగిలి దగ్గు వచ్చింది, పమిట నోట్లో పెట్టుకుని ఆపుకున్నాను. కొండముచ్చు పిల్ల నా వైపు కాసేపు చూసి, చాచిన చేతిలో ఏమీ లేదని తేల్చుకుని, తన దారిన పైకి పోయి పూలు కోసుకుంది.

అది పైకి చేరి ఎక్కువ సేపు కాలేదు. చిట్టచివరి కొమ్మ మీది ముసలిది ఒక్కసారి లేచి నిలబడి, కింద వాగు వైపు చూస్తూ దగ్గినట్టు అరిచింది. ఖక్, ఖక్, ఖక్! మంద మొత్తం అందుకుంది. అంకన్న మమ్మల్ని దగ్గరికి రమ్మని సైగ చేసి, పక్కనున్న రాతికి ఆనించి కూర్చోబెట్టాడు. అరుపు వాగు వెంట కదిలి, కదిలి, అవతలి మలుపు దగ్గర ఆగింది. అరగంట అక్కడే కూర్చున్నాం. ఓబుళరెడ్డి ఏ అరుపు కోసం ఇంత దూరం వచ్చాడో ఆ అరుపు వినబడుతున్నంత సేపూ ఫోను ఆయన జేబులోనే ఉండిపోయింది.

తిరిగి బండ దగ్గర

దిగి వచ్చేసరికి ఊట పక్కన తడి ఇసుకలో అడుగులు ఉన్నాయి. అరచేయంత వెడల్పు, గోళ్ళ గుర్తు లేకుండా. నీళ్ళు ఇంకా ఆ గుంటల్లోకి ఊరుతున్నాయి. పొద్దున మేం వరసగా వంగి చేతులు కడుక్కున్న చోటే. పైనుంచి అరుపు రాకపోతే మేం నవ్వుకుంటూ సరిగ్గా ఆ సమయానికి అక్కడికి దిగి ఉండేవాళ్ళం. నేను నేరుగా అంకన్న దగ్గరికి పోయాను.

"అన్నా, తప్పు చేసినా. నీకు అబద్ధం చెప్పినా" అంటూ సంచీ దింపించి మాల మొత్తం తీసి ఆయన ముందు పెట్టాను. కన్ను, మొక్కు, అత్త మోకాళ్ళు, అన్నీ చెప్పేశాను. ఏడుపు కూడా వచ్చింది. సారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. హోంవర్కు చేయని పిల్లల వైపు కూడా ఆయన అట్లా చూసి ఉండరు.

అంకన్న మాలను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"అమ్మా, ఆంజనేయసామి అశోకవనంలో పండ్లు తిన్యాడు గదా. ఎవరన్నా చేతికి పెట్టినారా ఆయప్పకు?"

"లేదు."

"ఆయనే కోసుకుని తిన్యాడు. ఎక్కినాడు, కోసుకున్యాడు, తిన్యాడు. అదీ ఆయప్ప కత. చెయ్యి చాపి నిలబడే ఆంజనేయుణ్ణి నువ్వు యాడన్నా చూసినావా?"

"మరి మొక్కో?" అన్నాను చిన్న గొంతుతో.

ఆయన నన్ను వాగు ఇవతలి గట్టుకు తీసుకుపోయాడు. ముళ్ళకంప చుట్టూ నాటి, మధ్యలో మోకాలెత్తు మేడి మొక్క. గట్టు వెంట అట్లాంటివి ఇంకొన్ని ఉన్నాయి. ఎండాకాలం కొండ మీద ఆకు, పండు లేకపోతే మంద రోడ్డుకు దిగుతుందేమోనని గూడెం వాళ్ళు నాటుకున్నవి. గడ్డలకు పోయే ఆడవాళ్ళు పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఊట నీళ్ళు పోస్తారట.

"తినిపించల్ల అంటే దీనికి నీళ్ళు పొయ్యి. కాయ కాసినప్పుడు అవే కోసుకుంటాయి. మీ అత్త పేరేంది?"

"నాగసుబ్బమ్మ."

"సరే. ఇది నాగసుబ్బమ్మ మేడి."

ఊట నుంచి గట్టుకు కడవతో మూడు సార్లు నీళ్ళు మోశాను. మూడోసారి సలోమి నా చేతిలోంచి కడవ అందుకుని, "నేను కూడా పోస్తానక్కా, నా దేవునికి కూడా చెట్లు ఇష్టమే" అంది. బండ దగ్గరికి వచ్చేసరికి ఓబుళరెడ్డి మాలలోంచి అప్పటికే మూడు వడలు తినేశాడు. "మిరియాలు బాగా తగిలినాయి" అని మెచ్చుకున్నాడు. మేం నాలుగు తిని, మిగిలినవి ఈదమ్మకు తీసుకుపోయాం.

దారిలో భయపడుతూనే అడిగాను. "అన్నా, నేను చేసింది ఫారెస్టు ఆఫీసులో చెప్తావా?"

"ఏం జరిగిందని చెప్పల్ల? ఒకమ్మ ఆకలేసి వడ తినింది" అన్నాడు. నడక మొదలయ్యాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

నాలుగో రోజు: వేంపల్లె

ఇంటికి చేరేసరికి అత్త అరుగు మీదే ఉంది. కాళ్ళు కూడా కడుక్కోనివ్వలేదు.

"తినిందా?"

అబద్ధం ఒకటి నాలుక చివరి దాకా వచ్చింది. ఈ ప్రయాణంలో ఒకటి ఆడాను, చాలు అనుకున్నాను.

"నేను తిన్యా అత్తా."

"నువ్వా? నా మొక్కు వడ నువ్వు మింగినావా?" అని లేచింది. ఆమె అరిచినంత సేపూ అరవనిచ్చాను. అలసిపోయాక పక్కన కూర్చుని ఈదమ్మ చెయ్యి గురించి, ఇసుకలో అడుగుల గురించి, మేడి మొక్క గురించి చెప్పి, సారు పంపిన వీడియో పెట్టి ఫోను చేతికిచ్చాను. ఆపరేషనుకు ముందు ఫోనులో మనవరాలి మొహం కూడా ఆనవాలు పట్టలేని మనిషి. ఇప్పుడు దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, తల్లి కొండముచ్చు పిల్లకు ఆకు అందించే చోటును నాలుగు సార్లు వెనక్కి తిప్పించుకుని చూసింది.

"పిల్ల పండ్లు కూడా కనపడతాండాయే" అంది. ఇంకోసారి వెనక్కి తిప్పించుకుని, "దాని కడుపు చూడు, ఎంత నిండుగా ఉండాదో. దీనికి నా వడ యాల?" అంది.

"అదే గదత్తా."

"ఆ మేడికి ఎండాకాలం నీళ్ళెవరు పోస్తారు?"

"ఈదమ్మ పోస్తానంది."

"ఆ చేత్తోనా?" అని ఆగింది. "వచ్చే ఏడు నన్ను ఆ గూడెం దాకా అన్నా తీసుకపో. కొండ ఎక్కను లే. ఆమెను చూసి వస్తా."

రెండు రోజులకు సారు ఫోను చేశారు. గూడెం వాళ్ళకు ఇంకో జట్టును తీసుకుపోవడానికి అనుమతి వచ్చిందట. అంకన్న నన్ను అడిగాడట కూడా, వడలమ్మ బాగుందా అని.

శనివారం వచ్చింది. అత్త ఎప్పటిలాగే అరటిపండ్ల హస్తం పట్టుకుని వాకిట్లోకి పోయింది. గోడ మీద కోతులు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నాయి. అత్త వాటిని ఒకటొకటిగా చూసింది. అవి కూడా ఆమెను చూశాయి. ఎంతసేపటికీ చెయ్యి చాపలేదు. స్వామికి దండం పెట్టుకుని ఒక పండు వలిచి తన నోట్లో పెట్టుకుంది, ఇంకోటి వలిచి నా చేతిలో పెట్టింది.

"తినవే. మొక్కువి మింగడం నీకు అలవాటే గదా" అంది.